ఆల్యా ఆమెన్ అనలేదు

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ నన్ను ఇంతవరకూ పల్లెత్తు మాట అనలేదు. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా నా ముఖం చూసి "ఇనెస్సా, చారులో ఉప్పెక్కువైంది" అన్న పాపాన పోలేదు. అనాల్సిందంతా దేవుడితో అంటారు. భోజనాల బల్ల చుట్టూ అందరం లేచి నిలబడి, తలలు వంచి, కళ్లు మూసుకున్నాక, "తండ్రీ, నీ దాసురాలైన మా కోడలికి ఉప్పు విషయంలో వివేకం దయచేయి" అని మొదలుపెడతారు. గొంతు కూడా తగ్గించరు. కళ్లు మూసుకున్న మనిషి ఎదురు జవాబు ఎలా చెబుతుంది? పైగా చివర్న అందరూ ఆమెన్ అనాలి. అంటే ఉప్పెక్కువేనని నేనే సంతకం పెట్టినట్టు.

మా ఇంట్లో ఆమెన్ ఆషామాషీ మాట కాదు. కాలం చేసిన మామగారు పెట్టిపోయిన పద్ధతి అది. ప్రార్థన ఎవరు చేసినా బల్ల దగ్గరున్న ప్రతి మనిషీ పైకి వినబడేలా ఆమెన్ అనాలి. అందరూ అనేదాకా ఎవరూ కూర్చోకూడదు. అన్నాక ఆ ప్రార్థనలో ఉన్నదానికి కట్టుబడి తీరాలి. మా ఆయన గేనా ఇలాగే ఒకసారి పరధ్యానంలో ఆమెన్ అనేసి సిగరెట్లు మానేశాడు.

కిందటి వారం ఈ పేజీలో మిమ్మల్ని ఆ బల్ల దగ్గరే నిలబెట్టి వదిలేశాను. కాళ్లు పీకుతుంటాయి. అయినా కొత్తగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

మా ఆడపడుచు ఆల్యాకి ముప్పై ఆరేళ్లు. మా ప్రార్థనా మందిరంలో పాటల బృందాన్ని పదేళ్లుగా నడిపించింది తనే. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం పాట మధ్యలో ఎత్తిన చెయ్యి దించేసి, కోటు వేసుకుని, ఇంటికొచ్చి వెనక గదిలో పడుకుంది. అక్టోబరు వచ్చినా లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. తినమంటే తినేది, మర్చిపోతే అడిగేది కాదు. తల దువ్వుకోమంటే "దువ్వెన బరువుగా ఉంది వదినా" అనేది. "ప్రార్థన చేసుకుంటున్నావా?" అని వాళ్లమ్మ అడిగితే గోడ వైపు తిరిగేది. ఆఖరికి గేనా, లారీకి ఉల్లిపాయలు ఎత్తే పనుందని వాళ్లమ్మతో చెప్పి, చెల్లెల్ని తాల్దీకొర్గాన్ పట్నం తీసుకెళ్లి డాక్టరుకి చూపించాడు. ఇది దిగులు జబ్బనీ, దీనికి మందు ఉందనీ, రోజూ భోజనం చేశాక ఒక మాత్ర వేసుకోవాలనీ, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందనీ, మధ్యలో మానేయకూడదనీ ఆ డాక్టరమ్మ చెప్పింది. ఆల్యా తొమ్మిది రోజులు వేసుకుంది. పదో రోజున మాత్రల డబ్బా మా అత్తగారి కంటబడింది.

ఆవిడ అరవలేదు. డబ్బా తన గౌను జేబులో వేసుకుని ఉపవాసం ప్రకటించారు. గురువారం మధ్యాహ్నం భోజనం అయ్యాక మొదలుపెట్టి ఆదివారం దాకా మూడు రోజులు, ఇంటిల్లిపాదీ, అన్నం నీళ్లు ముట్టకుండా. ఆదివారం పంటల పండగ. ఆ రోజు మందిరం నిండా గుమ్మడికాయలూ ఆపిల్ పళ్లూ మా ఉల్లిపాయల జడలూ ఉంటాయి. వాటి మధ్య ఆల్యా నిలబడి పాటలు నడిపిస్తుందని ఆవిడ నమ్మకం. మాత్రల ప్రసక్తి ఇక లేదు.

ఇదీ సంగతి. అయితే కిందటి వారం మీకు చెప్పనిది ఒకటుంది. దాచాలని కాదు, పేజీ అయిపోయింది.

ఆ గురువారం పొద్దున ఊరగాయ దోసకాయల కోసం నేను నేలమాళిగలోకి దిగాను. బంగాళాదుంపల బస్తాల వెనక మామగారి పాత కోటు ఒకటి దేన్నో కప్పి కూర్చునుంది. ఎత్తి చూస్తే పదకొండు సీసాలు. నిండా తెల్లగా గడ్డకట్టిన కొవ్వు. మూత తీయగానే ముక్కు చెప్పేసింది, బ్యాడ్జర్ అనే అడవి జంతువు కొవ్వు. ఊపిరితిత్తులు చెడితే మా వైపు ఎవరైనా మొదట చేసే పని, వేడి పాలలో ఈ కొవ్వు ఒక చెంచా కలిపి తాగించడం. వేటకెళ్లేవాళ్లని బతిమాలుకుంటే తప్ప దొరకదు. అలాంటిది పదకొండు సీసాలు! మా ఇంట్లో ఊపిరితిత్తులు చెడినవాళ్లెవరు?

సీసాలకి రబ్బరు బ్యాండ్లతో చీటీలు కట్టి ఉన్నాయి. రెండు చదివాను. మూడోది చదవలేక మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఏడు నెలలుగా మందిరంలో ఎవరు ఎదురుపడినా "ఇంట్లో ఎలా ఉంది? దగ్గు తగ్గిందా?" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. నాకు చలికాలం నుంచి కాస్త పొడిదగ్గు ఉన్న మాట నిజం. నా దగ్గు మీద సంఘానికి ఇంత ప్రేమ ఉందా అని లోలోపల మురిసిపోయాను కూడా. "పర్వాలేదు, తేనె తాగుతున్నాను" అని వినయంగా జవాబిచ్చాను. వాళ్లు నన్ను అదోలా ఎందుకు చూసేవాళ్లో ఇప్పుడు తెలిసింది.

ఇక బల్ల దగ్గరికి వద్దాం.

ఉపవాసానికి ముందు ఆఖరి భోజనమని కుక్సీ చేశాను. సేమ్యా ఉడికించి కప్పుల్లో పెట్టాను, మీద మాంసం, దోసకాయ, గుడ్డు. చల్లగానే పోసుకునే పులుపు చారు మాత్రం గిన్నెలోనే ఉంచాను. ముందే పోస్తే మా అత్తగారి ప్రార్థన పూర్తయ్యేసరికి సేమ్యా గంజి అవుతుందని పెళ్లయిన మొదటి నెలలోనే నేర్చుకున్నాను. ఆల్యా బూడిదరంగు శాలువా కప్పుకుని వచ్చి గేనా పక్కన నిలబడింది. నలుగురం తలలు వంచాం.

"పరలోకమందున్న మా తండ్రీ," అత్తగారు మొదలుపెట్టారు. "నీ పాదాల చెంతకు వచ్చాం. ఏడు నెలలుగా నా బిడ్డ లేవడం లేదు. దాని మనసులో దాచుకున్న పాపమేదో నువ్వు బయటికి తియ్యి. లోకపు మందుల మీద అది పెట్టుకున్న ఆశని వేళ్లతో సహా పెకిలించు. ఈ మూడు రోజుల ఉపవాసం అంగీకరించి, ఆదివారం నాటికి దాన్ని నీ ప్రజల ముందు నిలబెట్టు. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు గేనా అలవాటు కొద్దీ. అన్న మరుక్షణం సిగరెట్ల సంగతి గుర్తొచ్చిందేమో, నాలుక కరుచుకున్నాడు.

నేను దగ్గాను. దాన్ని ఆమెన్ కింద జమ కట్టారు.

ఆల్యా ఏమీ అనలేదు.

వీధిలో ఎవరిదో ట్రాక్టరు వెళ్లింది. గేనా ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు, నేను ఒక కన్ను తెరిచి గుడ్డు ముక్కని చూశాను.

"ఆల్యా," అన్నారు అత్తగారు కళ్లు మూసుకునే. "ఆమెన్ అను తల్లీ."

"అనను అమ్మా."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. మా మామగారికి పక్షవాతం వచ్చి మూతి వంకరపోయిన రోజున కూడా ఆమెన్ అనే కూర్చున్నారు.

"ప్రభువా," అత్తగారి గొంతు లేచింది, "ఈ బిడ్డ గుండెలోని రాతిని..."

"అమ్మా, ఆయన్ని మధ్యలో నిలబెట్టకు. నేను నీ ఎదురుగానే ఉన్నా. నాతో చెప్పు."

"ప్రార్థన మధ్యలో మాట్లాడతావా?"

"నువ్వు ఆమెన్ అనేశావుగా. ప్రార్థన అయిపోయింది," అంది ఆల్యా. గొంతు పెంచలేదు. ఏడు నెలల్లో తను ఒక్కసారిగా ఇన్ని మాటలు అనడం అదే మొదలు. "నేను ఆమెన్ అంటే ఒప్పుకున్నట్టు కదా. దాచిన పాపం ఉందని ఒప్పుకోవాలి, మాత్రలు మానేస్తానని ఒప్పుకోవాలి. నాకు తెలిసి అలాంటి పాపమేదీ లేదు. ఉంటే ఫిబ్రవరిలోనే చెప్పేసి హాయిగా లేచి కూర్చునేదాన్ని. మాత్రలు కూడా మానను."

సరిగ్గా అప్పుడు వంటింటి తలుపు తోసుకుని ఎర్నా పెద్దమ్మ వచ్చింది.

మా పక్కింటి జర్మన్ ముసలావిడ. ఎనభై నాలుగేళ్లు, ఒక చెవి పూర్తిగా వినబడదు, రెండోది తన ఇష్టం. ఆల్యాని చూడటానికి ప్రతి గురువారం వచ్చే మనిషి ఆవిడొక్కతే. మంచం అంచున కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుని తిని, పొట్టు జేబులో వేసుకుని వెళ్లిపోతుంది. మేమంతా తలలు వంచి నిలబడి ఉండటం చూసి, ప్రార్థన చివరికొచ్చిందనుకుని, "ఆమెన్!" అని ఇల్లు అదిరేలా అంది. కుర్చీ లాక్కుని కూర్చుని, గిన్నెలో చారు నాలుగు గరిటెలు తన కప్పులో పోసుకుంది. తన కప్పంటే నా కప్పే.

"కూర్చోరేం? కుక్సీ చల్లారిపోతుందన్న భయమైనా లేదు కదా," అంది నములుతూ.

"ఎర్నా, ఇక్కడ మాట్లాడుకుంటున్నాం," అన్నారు అత్తగారు.

"మాట్లాడుకోండి. నాకు వినబడదుగా."

అత్తగారు ఆల్యా వైపు తిరిగారు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. "ఏడు నెలలు పొద్దున అయిదింటికి లేచి మోకాళ్ల మీద పడ్డాను నీ కోసం. ఈవిడ గింజలు తింటూ కూర్చుంది. నీకు నా ప్రార్థన చేదయింది, ఈవిడ గింజలు తీపయ్యాయి. అంతేగా?"

"నీ ప్రార్థనలు గోడ ఇవతలికి వినబడేవమ్మా. రోజూ పొద్దున్నే నా పాపాల గురించి వింటూ లేచేదాన్ని. లేవాలనిపించేది కాదు."

అత్తగారు వెనక గది గోడ వైపు చూశారు.

"నాకు ప్రార్థన రావడం ఆగిపోయింది," ఆల్యా కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా చెప్పింది. "మోకాళ్ల మీద కూర్చుంటే దుప్పటితో మాట్లాడినట్టుండేది. పాటలన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ నాది అనిపించేది కాదు. అదే అన్నిటికంటే భయం. ఎర్నా పెద్దమ్మతో అన్నాను, నాకిక ప్రార్థన రాదు అని. 'రాకపోతే మానెయ్, నీ వంతు నేను చూసుకుంటా' అంది. ఏమని చెబుతావు అంటే, 'ఏముంది? నీ పేరు చెబుతా. ప్రభువా, ఇది ఆల్యా, వెనక గదిలో ఉంది అంటా. మిగతాది ఆయనకి తెలియదా ఏంటి' అంది."

"ఏంటి, నా పేరేదో వినబడుతోంది?" అంది ఎర్నా పెద్దమ్మ.

"మంచిదే చెబుతున్నాలే, తిను," అని ఆల్యా మళ్లీ తల్లి వైపు చూసింది. "మూడు వారాల కిందట ఒక పొద్దున మెలకువ రాగానే నా నోట్లోంచి అదే వచ్చింది. ప్రభువా, ఇది ఆల్యా. అంతే. ఆ పైన ఒక్క మాట రాలేదు. కానీ దుప్పటితో మాట్లాడినట్టు లేదమ్మా. ఎవరో ఇటు తిరిగినట్టుంది. దిగులు పోలేదు. ఇప్పటికీ ఉంది, ఇదిగో ఇక్కడే, సేమ్యా ముద్దలా. కానీ దాంట్లో నేనొక్కదాన్నే లేను. ఆ పొద్దునే అన్నయ్యని పిలిచి చెప్పాను, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని. నువ్వు అనుకుంటున్నావు, దేవుణ్ణి వదిలేసి మాత్రలు పట్టుకున్నానని. ఆయన వినకపోయుంటే నేను మంచమే దిగేదాన్ని కాదు."

గేనా తల వంచుకుని తన కప్పులోకి చూస్తున్నాడు. "నిజమేనమ్మా, తనే అడిగింది," అన్నాడు. "నేను ధైర్యం చేశాననుకున్నావేమో. నాకంత లేదు."

"ఒక్కటే బాధ," అంది ఆల్యా. "మందిరం నుంచి ఎర్నా పెద్దమ్మ తప్ప ఒక్కళ్లు రాలేదు. పదేళ్లు కలిసి పాడాం. నెల్లీకి ప్రసవమైతే నేను మూడు రాత్రులు కూర్చున్నాను. పాడటం మానేసిన మనిషి ఎవరికి కావాలిలే. దేవుడు గుర్తుపెట్టుకున్నాడు, వాళ్లు మర్చిపోయారు."

నేను మా అత్తగారి ముఖం చూశాను. చెబుతారేమోనని ఆగాను. నిజంగానే ఆగాను, కోడళ్లు అంతసేపు ఆగడం ఎక్కడా ఉండదు. ఆవిడ చెంచా తీసి కప్పుకి ఆ పక్క పెట్టారు. మళ్లీ తీసి ఈ పక్క పెట్టారు.

నేను నేలమాళిగలోకి దిగాను.

తిరిగొచ్చి ఏప్రన్ ఒళ్లో ఉన్న సీసాలు బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టాను. ఎనిమిది మాత్రమే పట్టాయి. నాలుగోది పెట్టేసరికి అత్తగారు కళ్లు మూసుకున్నారు. ఈసారి ప్రార్థన కోసం కాదు.

"ఏంటివి?" అన్నాడు గేనా.

"ఓ, నాది కూడా ఉందే!" ఎర్నా పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. "నీలం మూత నాదే. తాగించలేదన్నమాట."

"ఎందుకు తాగించాలి పెద్దమ్మా?" నేను ఆవిడ మంచి చెవిలో అరిచాను.

"ఊపిరితిత్తులని చెప్పిందిగా మీ అత్త కపిటోలీనా! మార్చిలో మీరిద్దరూ రాని రోజు మందిరంలో అందరికీ చెప్పింది. అంటుకునే రకం, ఎవరూ ఇంటికి రాకూడదు, డాక్టర్లు వద్దన్నారు అని. నాకు ఎనభై నాలుగు, ఇంకేం అంటుకుంటుందిలే అని వచ్చాను. నెల చూశాను, ఒక్క దగ్గు లేదు. ఓహో, ఇది మా అక్కకి వచ్చిందే, అనుకున్నాను. దానికి కొవ్వు పనిచెయ్యదు. పక్కన కూర్చోవాలి."

ఆల్యా దగ్గర్లో ఉన్న సీసా అందుకుని రబ్బరు బ్యాండు తీసి చీటీ విప్పింది. గేనా సీసా పట్టుకున్నాడు.

"'ఆల్యా, ముక్కు మూసుకుని తాగు. నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఒకసారి పాస్టరుగారు కూర్చోబోతే లేపేశాం. నెల్లీ.'"

ఇంకొకటి తీసింది. "'మా ఆయన దీని కోసం కొండల్లో నాలుగు రోజులు తిరిగాడు. తాగకపోతే ఊరుకోను.'" మూడోది పైకి చదవలేదు. ముందు తనలో తను చదువుకుంది. తరవాత నాకిచ్చింది. నేను చదివాను.

"'మార్చి ఎనిమిదిన పద్నాలుగుమందిమి మీ గేటు దాకా వచ్చాం. అమ్మ లోపలికి వద్దన్నారు. బయటే నిలబడి నీకిష్టమైన పాట పాడి వెళ్లిపోయాం. నువ్వు లేక మధ్యలో శ్రుతి తప్పింది. వినబడిందా?'"

ఆ రోజు నేనూ గేనా బజార్లో ఉన్నాం.

"వినబడింది," అంది ఆల్యా. కళ్ల నిండా నీళ్లు, పెదాలు మాత్రం ఏడు నెలల తరవాత మొదటిసారి పైకి వంగాయి. "రేడియో అనుకున్నాను వదినా. ఎవరో గానీ శ్రుతి తప్పారు అని కూడా అనుకున్నాను."

అత్తగారు బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉన్నారు.

ఆల్యా శాలువా సర్దుకుని తల వంచింది. మేమూ వంచాం.

"ప్రభువా, ఇది ఆల్యా. ఇక్కడే ఉన్నాను. కుక్సీకి వందనాలు. వీళ్లందరికీ వందనాలు. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు గేనా, ఈసారి తెలిసే.

"ఆమెన్," అన్నాను నేను. దగ్గలేదు.

ఎర్నా పెద్దమ్మ మా పెదాలు చూసి, నోట్లోది మింగి, "ఆమెన్," అంది.

అత్తగారు అనలేదు.

మామగారి పద్ధతి ప్రకారం మేం కూర్చోకూడదు. ఆల్యా కూర్చుంది. నేను తన కప్పులో చారు పోశాను. తను తిన్నది. సగం కప్పు, మెల్లగా, ఒక్కో పోగూ లెక్కపెట్టినట్టు. మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం. తినడం అయ్యాక మూతి తుడుచుకుని కుడి చెయ్యి చాచింది.

"మాత్ర ఇవ్వమ్మా."

అత్తగారి చెయ్యి గౌను జేబు మీదే ఉంది. ఆ చేత్తో ఆవిడ ఎంతమంది తలలు నిమిరి ప్రార్థన చేశారో ఈ ఊరికి తెలుసు. చాలాసేపటికి డబ్బా తీశారు. రేకులోంచి ఒక మాత్ర నొక్కి కూతురి అరచేతిలో పెట్టారు. నేను నీళ్ల గ్లాసు అందివ్వబోతే నా చేతిలోంచి తీసుకుని తనే ఇచ్చారు. ఆల్యా మింగేదాకా చూసి, అప్పుడు కుర్చీలో కూలబడ్డారు.

"దిగులు విశ్వాసం లేనివాళ్లకి వస్తుందని మందిరంలో ఆడవాళ్లందరికీ ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను," అన్నారు సీసాల వైపు చూస్తూ. "నా కూతురికే వచ్చిందని ఏ నోటితో చెప్పను? ఊపిరితిత్తులంటే ఎవరూ ఏమీ అనరు. కొవ్వు తెస్తారు, అంతే. తెచ్చారు. ఒక్కో సీసా వచ్చినప్పుడల్లా రేపు చెబుదాం అనుకున్నాను."

"అమ్మా, సరేలే..." అన్నాడు గేనా.

"సరే కాదు. నువ్వు ఊరుకో." ఆవిడ ఆల్యా వైపు తిరిగారు. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు పంతొమ్మిదేళ్లలో తెలియదు. "నేను తప్పు చేశాను తల్లీ. నీ దగ్గరికి రావాల్సినవాళ్లని గుమ్మంలో ఆపేశాను. నీ ఒక్కదాని విషయంలోనే కాదు. నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. చంటిబిడ్డ పోయి ఏడుస్తున్న మనిషికి, ఆ ఏడుపే పాపమని చెప్పి, ఏడుపు ఆగేదాకా మందిరానికి రావద్దని పంపేశాను. ఆమె మళ్లీ రాలేదు. ఇప్పటికీ స్టేషన్ అవతలి వీధిలోనే ఉంటుంది, రోజూ నాకు ఎదురుపడుతూనే ఉంటుంది. ఆమెకి నేను చెప్పింది తప్పు."